కొత్త నైట్రో ఇంజిన్‌ని బ్రేక్-ఇన్ చేయడం ఎలా? ఒక ఇంజిన్ పాడుచేసుకుని నేను నేర్చుకున్నది

కొత్త ఫోన్ ఇంటికి రాగానే ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "ముందు ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టు, అప్పటిదాకా ఆన్ చేయకు." మనం లోపల నవ్వుకుంటాం. ఎందుకంటే ఆ సలహా నికెల్ బ్యాటరీల కాలం నాటిది. ఆ బ్యాటరీలకు అది కరెక్టే. ఇప్పటి లిథియం అయాన్ బ్యాటరీకి అక్కర్లేదు. బ్యాటరీ మారింది, సలహా మాత్రం మారలేదు.

ఇంత తెలిసిన నేనే సరిగ్గా ఇలాంటి పాత సలహా నమ్మి, రెండు నెలలు డబ్బులు దాచి కొన్న నైట్రో ఆర్‌సీ కారు ఇంజిన్‌ని లీటరు ఫ్యూయల్ కూడా పూర్తి కాకుండానే పాడుచేశాను. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. బ్రేక్-ఇన్ చేసిన పద్ధతే తప్పు.

కాబట్టి ఈసారి ఫోన్లు, ఇయర్‌బడ్స్ కాస్త పక్కన పెడదాం. చిన్న నైట్రో ఇంజిన్‌ని మొదటి ఆరు ట్యాంకుల్లో ఎలా చూసుకోవాలి, ఎందుకు అలాగే చూసుకోవాలి అన్నది ఇవాళ్టి టాపిక్. ఆర్‌సీ కారు కొందామనుకుంటున్న వాళ్లు, కొని బాక్స్ ఇంకా ఓపెన్ చేయని వాళ్లు ముందు ఇది చదివేయండి.

అసలు నైట్రో ఇంజిన్ అంటే ఏంటి?

అరచేతిలో పట్టే టూ స్ట్రోక్ ఇంజిన్ ఇది. సైజుని క్యూబిక్ అంగుళాల్లో చెప్తారు. పాయింట్ 12 అంటే సుమారు 2 సీసీ, పాయింట్ 18 అంటే దాదాపు 3 సీసీ, పాయింట్ 21 అంటే సుమారు 3.5 సీసీ. మన బైకులతో పోలిస్తే ఇది బొమ్మే. కానీ ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 30,000 చుట్లు కూడా దాటేస్తుంది. ఏ బైకూ దరిదాపులకు రాదు.

ఫ్యూయల్ పెట్రోల్ కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన మిశ్రమం. కార్లకు సాధారణంగా 10 నుంచి 30 శాతం వరకు నైట్రో ఉన్నది వాడతారు. నైట్రోమీథేన్ స్పెషాలిటీ ఏంటంటే, దాని అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కి సుమారు 6.5 కిలోలు, నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు. అంటే అదే గాలితో ఎక్కువ ఫ్యూయల్ కాల్చొచ్చు. ఆ చిన్న ఇంజిన్‌కి అంత పవర్ వచ్చేది అందుకే.

ఇక ఆయిల్. చాలా నైట్రో ఫ్యూయల్స్‌లో సింథటిక్ ఆయిల్‌తో పాటు ఆముదం కలుపుతారు. అవును, పాలమూరు, నల్గొండ వైపు పొలాల్లో పండే ఆ ఆముదమే. బాగా వేడెక్కినా దాని పొర చెదరదు, మిథనాల్‌లో చక్కగా కలిసిపోతుంది. అలాగని కిరాణా కొట్టు ఆముదం తెచ్చి ఇంట్లో ఫ్యూయల్ కలిపే ప్రయోగాలు మాత్రం వద్దు. ఇంజిన్‌కి వాడేది జిగురు తీసి శుద్ధి చేసిన రకం.

ఇందులో స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ దీన్ని మార్కెట్లోకి తెచ్చాక మోడల్ ఇంజిన్ల రూపమే మారిపోయింది. అంతకు ముందు ఇగ్నిషన్ కాయిల్, బ్యాటరీ కూడా మోడల్ మోయాల్సి వచ్చేది. గ్లో ప్లగ్‌లో ప్లాటినం కలిసిన సన్నని తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు 1.5 వోల్టుల ఇగ్నైటర్‌తో దాన్ని ఎర్రగా చేస్తాం. ఒకసారి స్టార్ట్ అయ్యాక ఇగ్నైటర్ తీసేయొచ్చు. కంప్రెషన్ వేడి, ప్లాటినం మీద మిథనాల్ చర్య కలిసి ఆ తీగని ఆరకుండా ఉంచుతాయి.

ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి. కంప్రెషన్ పోతే ఆ వేడి పోతుంది. వేడి పోతే ప్లగ్ ఆరుతుంది, ఇంజిన్ ఆగుతుంది. అంటే ఈ ఇంజిన్ ప్రాణం మొత్తం కంప్రెషన్‌లోనే ఉంది.

పించ్: కొత్త ఇంజిన్ ఎందుకు పట్టేస్తుంది?

కొత్త ఇంజిన్ ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూడండి. పిస్టన్ పైకి వెళ్లేసరికి గట్టిగా పట్టేస్తుంది. ఒక్కోసారి అస్సలు కదలదు. మొదటిసారి చూసినవాళ్లు ఇంజిన్ జామ్ అయిందని భయపడతారు. డిఫెక్ట్ కాదు, డిజైనే అది. దీన్నే పించ్ అంటారు.

ఇప్పుడొచ్చే కార్ ఇంజిన్లలో ఎక్కువ భాగం ఏబీసీ రకం, లేదా దాని చుట్టాలు. ఏ అంటే అల్యూమినియం పిస్టన్, బీ అంటే బ్రాస్, అంటే ఇత్తడి స్లీవ్, సీ అంటే ఆ స్లీవ్ లోపల వేసిన క్రోమ్ పూత. పిస్టన్‌కి రింగులు ఉండవు. మరి కంప్రెషన్ లీక్ అవకుండా ఆపేది ఏది? స్లీవ్ ఆకారమే. కింద కంటే పైన అది కొంచెం ఇరుకుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పైభాగం పిస్టన్‌ని నొక్కి పట్టుకుంటుంది.

ఇంజిన్ నడుస్తుంటే మంట మండేది పైభాగంలోనే కాబట్టి స్లీవ్‌లో అక్కడే ఎక్కువ వేడెక్కుతుంది, అక్కడే ఎక్కువ వ్యాకోచిస్తుంది. పిస్టన్ వాడే అల్యూమినియం కూడా మామూలుది కాదు. మామూలు అల్యూమినియం ఇత్తడి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, అలా అయితే వేడికి పిస్టన్ స్లీవ్‌లో ఇరుక్కుపోతుంది. అందుకే సిలికాన్ ఎక్కువ కలిపిన మిశ్రమం వాడతారు. అది ఇత్తడి కంటే కాస్త తక్కువే పెరుగుతుంది. దాంతో వేడి మీద స్లీవ్ పైభాగం తెరుచుకుంటుంది, పిస్టన్ ఇరుక్కోకుండా, లీక్ కాకుండా సరిగ్గా సరిపోతుంది.

ఎంత తెరుచుకుంటుంది? టెన్త్ క్లాస్ ఫిజిక్స్ చాలు. స్లీవ్ లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇత్తడి ఒక్కో డిగ్రీకి తన కొలతలో 0.000019 వంతు పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వెళ్తే 80 డిగ్రీల తేడా. 16 × 0.000019 × 80 అంటే సుమారు 0.024 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందంలో మూడో వంతు అనుకోండి. మొత్తం కథ ఆ మూడో వంతు వెంట్రుకలోనే ఉంది.

అంటే ఈ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తన అసలు కొలతల్లో ఉండదు. వేడెక్కాకే ఉంటుంది. బ్రేక్-ఇన్ అంటే పిస్టన్, స్లీవ్ ఒకదానికొకటి అలవాటు పడటం. ఆ అలవాటు అసలు కొలతల్లో ఉన్నప్పుడే జరగాలి. అందుకే ఏబీసీ ఇంజిన్‌ని వేడిగా బ్రేక్-ఇన్ చేయాలి.

నేను చేసిన తప్పు

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ చేశారు, తీగలు కట్టి తిప్పే కంట్రోల్ లైన్ విమానాలు ఎగరేశారు. నా కారు చూడగానే చిన్నపిల్లాడిలా కింద కూర్చుండిపోయారు.

"చూడు బాబూ, కొత్త ఇంజిన్‌ని వేడెక్కనివ్వకూడదు. ఎగ్జాస్ట్‌లోంచి ఆయిల్ కక్కేంత రిచ్‌గా పెట్టు. లీటరు అయ్యేదాకా చల్లగా, నెమ్మదిగా తిప్పు" అన్నారు.

"సరే అంకుల్" అన్నాను. వినడానికి కరెక్ట్‌గానే అనిపించింది. కొత్త బైక్ కొన్నప్పుడు మనకు చెప్పేది కూడా అదే కదా, మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తోలమని. పైగా అది డిసెంబర్. పొద్దున్నే 6:30కి గ్రౌండ్‌లో చలి వణికిస్తోంది. కారుని స్టాండ్ మీద పెట్టి, హై స్పీడ్ నీడిల్ బాగా తెరిచి, ఐడిల్‌లో ట్యాంకులు ట్యాంకులు కాల్చాను. హెడ్ మీద ధైర్యంగా వేలు పెట్టగలిగేంత చల్లగా ఉంది. చాలా జాగ్రత్తగా చేస్తున్నానని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

లోపల ఏం జరుగుతోందో ఇప్పుడు తెలుసు. ఇంజిన్ నిమిషానికి 15,000 చుట్లు తిరిగితే, పిస్టన్ సెకనుకు 250 సార్లు పైకి వస్తుంది. ఎనిమిది నిమిషాల్లో 1,20,000 సార్లు. స్లీవ్ చల్లగా, ఇరుకుగా ఉండగా ప్రతిసారీ పిస్టన్ అంచు ఆ ఇరుకులోకి దూరి గీసుకుపోయింది. ఆ లాగుడు మొత్తం కనెక్టింగ్ రాడ్ మీద, దాని బుష్ మీద పడింది.

లీటర్ డబ్బాలో ఇంకా కొంచెం ఫ్యూయల్ మిగిలి ఉండగానే లక్షణాలు మొదలయ్యాయి. చల్లగా ఉంటే స్టార్ట్ అవుతుంది. నాలుగు రౌండ్లు కొట్టి వేడెక్కగానే ఐడిల్‌లో ఆగిపోతుంది. వేడి మీద మళ్లీ స్టార్ట్ కాదు. ప్లగ్ మార్చాను, నీడిల్స్ మార్చాను, ఫ్యూయల్‌ని కూడా అనుమానించాను. చివరికి ఫ్లైవీల్ తిప్పి చూస్తే పించ్ దాదాపు లేదు. చల్లగా ఉన్నప్పుడే పించ్ లేకపోతే వేడెక్కాక కంప్రెషన్ ఎక్కడినుంచి వస్తుంది?

విప్పిన పిస్టన్ తీసుకెళ్లి అంకుల్‌కి చూపించాను. ఆయన ఏం మాట్లాడకుండా లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చారు. అందులో ఆయన పాత డీజిల్ మోడల్ ఇంజిన్ ఉంది. ఇనుప పిస్టన్, స్టీల్ లైనర్. రెండూ ఇంచుమించు ఒకేలా వ్యాకోచిస్తాయి, ఆ ఇంజిన్‌లో మన పించ్ కథ లేదు. ఆ రెండు ఇనుములూ మెల్లగా అరిగి నునుపు దేలాలి. దానికి బోలెడంత ఆయిల్, తక్కువ వేడి, ఎక్కువ టైమ్ కావాలి. ఆయన సలహా ఆయన ఇంజిన్‌కి నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

రెండు పిస్టన్లూ అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, "నాది ఇనుమయ్యా, నీది ఇత్తడి గొట్టం. అడగకుండానే చెప్పేశాను" అన్నారు బాధగా. తప్పు ఆయనది కాదు. బాక్స్ మీద ఏబీసీ అని రాసి ఉన్నా అర్థం వెతకనిది నేను.

బ్రేక్-ఇన్‌కి ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, దీని దగ్గర మాత్రం వద్దు. ప్రతిసారీ హెడ్ మీద గ్లో ప్లగ్ చుట్టూ ఒకే చోట, ఒకే దూరం నుంచి కొలవండి.
- హెయిర్ డ్రైయర్ లేదా హీట్ గన్.
- ఫుల్ ఛార్జ్ ఉన్న గ్లో ఇగ్నైటర్, రెండు స్పేర్ ప్లగ్‌లు, ప్లగ్ రెంచ్.
- నీడిల్స్ తిప్పడానికి సన్నని స్క్రూడ్రైవర్.
- అల్యూమినియం ఫాయిల్, చలికాలంలో హెడ్‌కి చుట్టడానికి.
- ఆఫ్టర్ రన్ ఆయిల్, మార్కర్ పెన్, మందపాటి గుడ్డ.
- పెద్ద బకెట్ నీళ్లు, వీలైతే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్.

ఫ్యూయల్ విషయంలో ఒక రూల్: తర్వాత ఏది వాడాలనుకుంటున్నారో బ్రేక్-ఇన్ కూడా దానితోనే చేయండి. నైట్రో శాతం మారితే ట్యూనింగ్ కూడా మారుతుంది.

చివరి ఐటమ్ చూసి నవ్వకండి. మిథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. మండుతోందని తెలిసేది చెయ్యి కాలాకే. మిథనాల్ నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి బాగా నీళ్లు పోస్తే ఆరుతుంది. ఇంకో విషయం, కల్తీ సారా తాగి చూపు పోయిందని, ప్రాణాలు పోయాయని న్యూస్‌లో చూస్తుంటాం కదా, వాటి వెనకుండే మిథైల్ ఆల్కహాల్ ఇదే. పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి. సెల్లార్‌లో, మూసిన గదిలో ఇంజిన్ అస్సలు నడపొద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

స్టెప్ బై స్టెప్

ముందుగా మీ ఇంజిన్ మాన్యువల్ చదవండి. అందులో ఉన్నదానికీ నేను చెప్పేదానికీ తేడా ఉంటే మాన్యువల్‌నే ఫాలో అవ్వండి. ఇంజిన్ తయారు చేసినవాళ్లకు తెలిసినంత నాకు తెలియదు.

1. చెకింగ్: ఎయిర్ ఫిల్టర్ ఫోమ్‌కి ఫిల్టర్ ఆయిల్ పట్టించండి. ఒక్క రేణువు ఇసుక లోపలికి వెళ్లినా ఇంత కష్టమూ వేస్ట్. ఇంజిన్ బోల్టులు, హెడ్ స్క్రూలు చూసుకోండి. నీడిల్స్ కంపెనీ సెట్టింగ్‌లోనే ఉంచండి.

2. మార్కింగ్: ప్లగ్ తీసి, పిస్టన్ పూర్తిగా కిందికి వచ్చేలా ఫ్లైవీల్ తిప్పి, ఆ పొజిషన్‌లో ఫ్లైవీల్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. ఎందుకో ఆరో స్టెప్‌లో తెలుస్తుంది.

3. ముందే వేడి చేయడం: ట్యాంక్ ఖాళీగా ఉండగానే హెడ్‌ని హీట్ గన్‌తో వేడి చేయండి. 80 డిగ్రీల సెల్సియస్ దాకా తెస్తే బెస్ట్. హెయిర్ డ్రైయర్‌తో 60 లేదా 70 వచ్చినా మంచిదే. ఇప్పుడు ఫ్లైవీల్ తిప్పి చూడండి, ఇందాక పట్టేసింది ఇప్పుడు సులువుగా తిరుగుతుంది. హీట్ గన్ ఆఫ్ చేసి దూరంగా పెట్టాకే ఫ్యూయల్ డబ్బా మూత తీయాలి. ఈ ఆర్డర్ మాత్రం మార్చొద్దు.

4. స్టార్టింగ్: ఫ్యూయల్ లైన్‌లో ఫ్యూయల్ కార్బొరేటర్ దాకా వచ్చేలా ప్రైమ్ చేసి ఇగ్నైటర్ పెట్టండి. పుల్ స్టార్టర్ అయితే తాడుని పూర్తిగా లాగొద్దు, జానెడు జానెడు వేగంగా లాగండి. గట్టిగా పట్టేస్తే బలం చూపించకండి. ప్లగ్‌ని ఒక చుట్టు వదులు చేసి స్టార్ట్ చేసి, అందుకోగానే బిగించొచ్చు. అసలేమీ కదలకపోతే లోపల ఫ్యూయల్ నిండిపోయి ఉండొచ్చు. ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు, బలవంతం చేస్తే రాడ్ వంగిపోతుంది. ఇగ్నైటర్ తీసి, ప్లగ్ విప్పి, కారుని తిరగేసి, ముఖం పక్కకు పెట్టుకుని స్టార్టర్ లాగి లోపలున్నది బయటికి పంపేయండి.

5. మొదటి ట్యాంక్, మూడు ముక్కలుగా: ఇంజిన్ అందుకున్నాక కారుని నేల మీద పెట్టి, పావు థ్రాటిల్ దాటకుండా మెల్లగా తిప్పండి. స్టాండ్ మీద ఊరికే ఐడిల్‌లో ఉంచితే లోడ్ ఉండదు, లోడ్ లేకపోతే వేడి రాదు. టార్గెట్ 95 నుంచి 105 డిగ్రీల సెల్సియస్. అంతకు తక్కువ ఉంటే హెడ్ సగానికి ఫాయిల్ చుట్టండి. అప్పటికీ రాకపోతే హై స్పీడ్ నీడిల్‌ని కుడివైపు చుట్టులో ఎనిమిదో వంతు మాత్రం తిప్పండి. 115 దాటుతుంటే ఫాయిల్ తీసేయండి, ఇంకా ఎక్కువుంటే ఎడమవైపు ఎనిమిదో వంతు. కుడికి తిప్పితే లీన్, ఎడమకు తిప్పితే రిచ్. రెండు మూడు నిమిషాలు నడిపి ఆపేయండి.

6. ఆపడం, చల్లార్చడం: థ్రాటిల్ ఐడిల్‌లోకి వచ్చాక, ఎగ్జాస్ట్ చివర మందపాటి గుడ్డతో మూసేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. వెంటనే ఫ్లైవీల్ తిప్పి మనం పెట్టిన గీత దగ్గరకు తీసుకురండి, అంటే పిస్టన్ కిందికి రావాలి. ఇది మర్చిపోతే స్లీవ్ చల్లారుతూ ముడుచుకుని పిస్టన్‌ని పైన బిగించేస్తుంది. తర్వాత హెడ్ చేత్తో పట్టుకుంటే మామూలుగా అనిపించేదాకా వదిలేయండి. కనీసం 15 నిమిషాలు. మళ్లీ మూడో స్టెప్ నుంచి మొదలు. ఒక్క తేడా, ఇప్పుడు ట్యాంకులో ఫ్యూయల్ ఉంటుంది కాబట్టి దాన్ని డబ్బాలోకి తీసేసి, మూత పెట్టి, దూరంగా ఉంచాకే హీట్ గన్ ఆన్ చేయండి.

ఈ వేడెక్కడం, చల్లారడమే హీట్ సైకిల్. ఒకేసారి అరగంట నడపడం కంటే ఇలా పది చిన్న సైకిళ్లు చేయడం మేలు. లోహాలు ప్రతి సైకిల్‌లో కొద్దికొద్దిగా కుదురుకుంటాయి.

7. రెండు, మూడు ట్యాంకులు: సగం థ్రాటిల్ వరకు వెళ్లొచ్చు. ఒకే స్పీడులో పట్టి ఉంచకండి. రెండు సెకన్లు పెంచండి, వదలండి, మళ్లీ పెంచండి. ఒక్కో ట్యాంకుని రెండు ముక్కలు చేయండి.

8. నాలుగు, ఐదు ట్యాంకులు: ముప్పావు థ్రాటిల్. మధ్య మధ్యలో ఒకటి రెండు సెకన్లు ఫుల్. టెంపరేచర్ 105 చుట్టుపక్కల ఉండాలి.

9. ఆరో ట్యాంక్: మామూలుగా నడపండి, కానీ రిచ్ సైడే ఉంచండి. ఫుల్ థ్రాటిల్ మూడు సెకన్లకు మించొద్దు.

పదో వంతు సైజు కార్లలో ట్యాంక్ చాలావరకు 75 మిల్లీలీటర్లు ఉంటుంది. ఆరు ట్యాంకులంటే సుమారు 450 మిల్లీలీటర్లు. అంటే అర లీటరు కూడా కాదు. చల్లార్చే టైమ్‌తో కలిపి ఒక ఆదివారం మొత్తం పట్టొచ్చు. ఓపిక లేకపోతే రెండు ఆదివారాలు చేయండి, తొందరేం లేదు.

బ్రేక్-ఇన్ అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

చల్లటి ఇంజిన్‌లో పించ్ మొదటిరోజు కంటే కాస్త తగ్గి ఉంటుంది, కానీ స్పష్టంగా చేతికి తెలుస్తూనే ఉంటుంది. వేడి మీద మృదువుగా తిరుగుతుంది. ఐడిల్ నిలకడగా ఉంటుంది, వేడి మీద ఆపి స్టార్ట్ చేస్తే ఒకటి రెండు లాగుళ్లకే అందుకుంటుంది. చాలామంది పించ్ పూర్తిగా పోవడమే బ్రేక్-ఇన్ అనుకుంటారు. పించ్ పోయిందంటే మీ ఇంజిన్ బ్రేక్-ఇన్ కాలేదు, రిటైర్ అయింది.

తర్వాత ట్యూనింగ్. హై స్పీడ్ నీడిల్‌ని ఎనిమిదో వంతు చొప్పున లీన్ చేస్తూ, ప్రతిసారీ నాలుగైదు రౌండ్లు కొట్టి చూడండి. 105 నుంచి 125 డిగ్రీల మధ్య ఉండాలి. నంబర్ కంటే ముఖ్యమైంది పొగ. ఫుల్ థ్రాటిల్‌లో వెనక సన్నని పొగ గీత ఎప్పుడూ కనిపించాలి. పొగ అంటే ఆయిల్. ఈ ఇంజిన్‌కి వేరే ఆయిల్ ట్యాంక్ లేదు, ఫ్యూయల్‌తో పాటు వచ్చేదే గతి. లీన్ చేస్తే ఫ్యూయల్‌తో పాటు ఆయిల్ కూడా తగ్గుతుంది. స్పీడ్ కోసం ఆశపడి పొగ మాయం చేసుకోకండి.

లో స్పీడ్ నీడిల్ కోసం సింపుల్ టెస్ట్: ఇంజిన్ వేడిగా, ఐడిల్‌లో ఉన్నప్పుడు ఫ్యూయల్ లైన్‌ని వేళ్లతో నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్లు నడిచి, స్పీడ్ కాస్త పెరిగి ఆగిపోతే సెట్టింగ్ ఓకే. వెంటనే ఆగితే లీన్. చాలాసేపు నడుస్తూ స్పీడ్ బాగా పెరిగితే రిచ్.

టెంపరేచర్ గన్ బ్యాటరీ అయిపోతే? హెడ్ మీద ఒక నీటి చుక్క వేయండి. మూడు నాలుగు సెకన్లలో మరిగి ఆవిరైతే పర్వాలేదు. పడగానే చుయ్‌మని ఎగిరిపోతే ఎక్కువ వేడి. అలాగే కూర్చుంటే చల్లగా ఉన్నట్టు.

మన వాతావరణంలో ఇంకో చిక్కు

చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ. కాబట్టి మే నెల మధ్యాహ్నం ట్యూన్ చేసిన ఇంజిన్ డిసెంబర్ పొద్దున్న లీన్ అయిపోతుంది. సీజన్ మారితే ముందు కాస్త రిచ్ చేసి మొదలుపెట్టండి.

ఊరు మారినా అంతే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ పర్ఫెక్ట్‌గా ట్యూన్ చేసిన కారుని వైజాగ్ తీసుకెళ్లి అదే నీడిల్‌తో ఫుల్ థ్రాటిల్ కొడితే, అక్కడి చిక్కటి గాలికి మిక్స్చర్ లీన్ అవుతుంది. కొత్తగా బ్రేక్-ఇన్ అయిన ఇంజిన్‌కి అది డేంజర్. దిగగానే ఎడమవైపు ఎనిమిదో వంతు తిప్పి, అక్కడినుంచి ట్యూన్ చేసుకోండి. బీచ్ ఇసుకలో మాత్రం నడపకండి, ఆ ఇసుకకు ఏ ఫిల్టరూ ఎక్కువసేపు ఆగదు.

రోజు చివర్లో మర్చిపోకూడని ఐదు నిమిషాలు

మిథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఇంజిన్‌లో మిగిలిన ఫ్యూయల్ అలాగే ఉంటే బేరింగులు తుప్పు పడతాయి. తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో ఇంకా త్వరగా. అందుకే చివరిసారి నడిపాక ట్యాంక్ ఖాళీ చేసి, లైన్‌లో మిగిలింది అయిపోయేదాకా ఐడిల్‌లో నడపండి. తర్వాత ప్లగ్ తీసి లోపల, కార్బొరేటర్‌లో నాలుగైదు చుక్కల ఆఫ్టర్ రన్ ఆయిల్ వేసి, కాసేపు తిప్పి, పిస్టన్‌ని కిందికి తెచ్చి వదిలేయండి. ఫ్యూయల్ డబ్బా మూత బిగించి ఎండ తగలని చోట పెట్టండి.

ఇంత కష్టం అవసరమా?

నిజం చెప్పాలంటే స్పీడ్ ఒక్కటే కావాలంటే బ్రష్‌లెస్ మోటర్, లైపో బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు కొనండి. స్విచ్ ఆన్ చేస్తే చాలు, బ్రేక్-ఇన్ లేదు, పొగ లేదు, పక్కింటివాళ్ల గొడవ లేదు. నైట్రో కొనేది ఆ సౌండ్ కోసం, ఆ ఆముదం వాసన కోసం, మన చేత్తో ట్యూన్ చేసి నడిపిన తృప్తి కోసం. ఇవి అక్కర్లేని వాళ్లకు నేను నైట్రో రికమెండ్ చేయను.

నేను మాత్రం పాడైన దాని ప్లేస్‌లో కొత్త పిస్టన్, స్లీవ్, కనెక్టింగ్ రాడ్ తెప్పించి, ఇంజిన్‌ని మళ్లీ మొదటి నుంచి బ్రేక్-ఇన్ చేశాను. ఈసారి అంకుల్ కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు. టెంపరేచర్ గన్ ఆయన చేతిలో. "తొంభై ఎనిమిది... నూట రెండు... ఆపెయ్, ఆపెయ్" అని చదువుతూనే ఉన్నారు. ఆ ఇంజిన్ ఇప్పటికి ఆరు లీటర్లు తాగింది. పించ్ ఇంకా ఉంది, వేడి మీద ఒక్క లాగుడుకి స్టార్ట్ అవుతుంది.

మీ ఇంజిన్ బాక్స్ మీద ఏం రాసి ఉందో ముందు చూడండి. ఏబీసీనా, రింగ్ ఉన్నదా, ఇనుప పిస్టనా? సలహా ఎవరు చెప్పినా, నాతో సహా, ఆ సలహా ఏ ఇంజిన్ గురించో అడిగి తెలుసుకున్నాకే ఇగ్నైటర్ పెట్టండి.